పాత ఎస్టీపీని మార్చేటప్పుడు బురద లెక్క ముందు తేలాలి

మీ ఊళ్లో ఇరవై ఏళ్ల నాటి యూఏఎస్‌బీ (గాలి ఇవ్వకుండా శుద్ధి చేసే పద్ధతి) మురుగునీటి శుద్ధి ప్లాంటు (ఎస్టీపీ) కొత్త ప్రమాణాలను అందుకోలేకపోతోందని, దాని స్థానంలో ఎస్‌బీఆర్ (ఒకే ట్యాంకులో విడతలుగా గాలి ఇచ్చి శుద్ధి చేసే పద్ధతి) కడితే సరిపోతుందా అని, బురద సంగతి రెండో దశలో చూసుకోవచ్చా అని అడిగారు. మొదటి ప్రశ్నకు నా జవాబు: కొన్ని షరతుల మీద సరిపోతుంది. రెండో ప్రశ్నకు నా జవాబు: రెండో దశకు వదలకండి. మురుగునీటిని శుద్ధి చేసినప్పుడు అందులోని మలినంలో పెద్ద భాగం బురదగా మారి ప్లాంటులోనే మిగిలిపోతుంది. ఆ బురదను రోజూ ఎంత బయటికి పంపగలరో, ప్లాంటు అసలు సామర్థ్యం అంతే. బోర్డు మీద ఎన్ని ఎంఎల్‌డీలు (ఒక ఎంఎల్‌డీ అంటే రోజుకు పది లక్షల లీటర్లు) రాసి ఉన్నా ఈ మాట మారదు. డీపీఆర్ (సవివర ప్రాజెక్టు నివేదిక) దశలో ఈ లెక్కను పైపైన వదిలేసినందువల్ల మంచి ప్లాంట్లు రెండు మూడేళ్లలో దెబ్బతినడం చూశాను కాబట్టి కొంత వివరంగా రాస్తున్నాను. మీ ప్లాంటు వయసూ, పద్ధతీ హైదరాబాద్ ప్లాంట్లకు దగ్గరగా ఉన్నాయి గనుక ఉదాహరణలు అక్కడినుంచే తీసుకుంటాను.

జాతీయ నదుల పరిరక్షణ ప్రణాళిక కింద మూసీ కోసం కట్టిన నాలుగు ప్లాంట్లు అంబర్‌పేట (339 ఎంఎల్‌డీ), నాగోలు (172), అత్తాపూర్ (51), నల్లచెరువు (30). వీటిలో పెద్దవైన అంబర్‌పేట, నాగోలు ప్లాంట్లలో యూఏఎస్‌బీ పద్ధతిని ఎంచుకున్నారు. ఆనాటి పరిస్థితుల్లో అది తప్పు నిర్ణయం కాదు. మురుగునీరు అడుగునుంచి పైకి ప్రవహిస్తూ, ప్రాణవాయువు అక్కర్లేని సూక్ష్మజీవుల పొర గుండా వెళుతుంది. గాలి ఊదే బ్లోయర్లు ఉండవు, కరెంటు ఖర్చు తక్కువ, మన వేడి వాతావరణం ఆ జీవులకు అనుకూలం. తర్వాత ఒక చెరువులో నిలబెడితే అప్పటి ప్రమాణమైన లీటరుకు 30 మి.గ్రా. బీఓడీకి (నీటిలోని మలినాన్ని కుళ్లించడానికి సూక్ష్మజీవులకు కావాల్సిన ప్రాణవాయువు కొలత) చేరుకోవచ్చని అంచనా వేశారు.

ఆ తర్వాత ప్రమాణాలు మారాయి. 2017 అక్టోబరులో కేంద్ర పర్యావరణ శాఖ మహానగరాలకు బీఓడీని 20కి తగ్గించి, ఫీకల్ కోలిఫాం అనే మల బాక్టీరియాకు 100 మి.లీ.కు 1,000 అనే పరిమితి పెట్టింది. 2019 ఏప్రిల్‌లో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఇంకా ముందుకు వెళ్లి లీటరుకు మి.గ్రా.లలో బీఓడీ 10, టీఎస్ఎస్ (నీటిలో తేలాడే ఘనపదార్థం) 20, సీఓడీ (మలినాన్ని రసాయనికంగా ఆక్సీకరించడానికి కావాల్సిన ప్రాణవాయువు) 50, మొత్తం నత్రజని 10, భాస్వరం 1, ఫీకల్ కోలిఫాం 100 మి.లీ.కు 230 అని చెప్పింది. ఈ జాబితాలో అందరి కళ్లూ బీఓడీ మీదే పడతాయి గానీ, యూఏఎస్‌బీకి అసలు అడ్డంకి నత్రజని. మురుగులోని అమ్మోనియాను ముందు నైట్రేటుగా, ఆ నైట్రేటును తిరిగి నత్రజని వాయువుగా మార్చాలి. రెండో పని చేసే సూక్ష్మజీవులకు ఆహారంగా సేంద్రియ కర్బనం కావాలి. యూఏఎస్‌బీ ఆ కర్బనాన్ని మొదటి మెట్టులోనే మీథేన్‌గా మార్చేస్తుంది. అమ్మోనియాను మాత్రం తాకదు. అందువల్ల దాని వెనుక ఎంత మంచి ఏరేషన్ (గాలి ఊదే) ట్యాంకు కట్టినా అమ్మోనియా నైట్రేటు అవుతుందే తప్ప మొత్తం నత్రజని 10కి దిగదు. ‘పాత రియాక్టర్లను అలాగే ఉంచి వెనుక ఏరేషన్ పెడదాం’ అనే చవక సలహాను అంగీకరించే ముందు ఈ ఒక్క ప్రశ్న అడగండి: నత్రజని తొలగించడానికి కర్బనం ఎక్కడినుంచి వస్తుంది? వచ్చే నీటిలో కొంత భాగాన్ని రియాక్టర్లకు వెళ్లనీయకుండా నేరుగా ఏరేషన్‌కు పంపడం ఒక దారి. దాన్ని లెక్కతో చూపగలిగితే సలహా వినదగినదే.

యూఏఎస్‌బీ విషయంలో ఇంకో సంగతి కూడా ఉంది. పుట్టిన మీథేన్‌లో గణనీయమైన భాగం, కొన్ని సందర్భాల్లో మూడో వంతు దాకా, నీటిలో కరిగిపోయి బయటికి వెళ్లి గాలిలో కలుస్తుంది. గ్యాస్ హోల్డర్‌లో ఆశించినంత గ్యాస్ చేరకపోవడానికి ఇదొక కారణం. సల్ఫేట్ ఎక్కువున్న నీటిలో పుట్టే హైడ్రోజన్ సల్ఫైడ్ కాంక్రీటును తినేస్తుంది. కాబట్టి పాత రియాక్టర్లను తిరిగి వాడదలిస్తే, నీటిమట్టానికి పైనున్న గోడల నుంచి కోర్ (కాంక్రీటు నమూనా) తీయించి చూడకుండా ఏ నిర్ణయమూ తీసుకోవద్దు.

హైదరాబాద్ ఎంచుకున్న దారి కొత్త ప్లాంట్లు. 2021లో 31 ఎస్టీపీలను, మొత్తం 1,259.5 ఎంఎల్‌డీ సామర్థ్యంతో, సుమారు రూ. 3,866 కోట్ల అంచనాతో మంజూరు చేశారు, పద్ధతి ఎస్‌బీఆర్. కోకాపేటలోని 15 ఎంఎల్‌డీ ప్లాంటు 2023లో మొదలైంది; నాగోలులో పాతదాని పక్కన కట్టినది ఒక్కటే 320 ఎంఎల్‌డీ. ఎస్‌బీఆర్‌లో ఒకే ట్యాంకులో నీరు నింపడం, గాలి ఇవ్వడం, బురద తేరనివ్వడం, పై నీటిని డికాంటర్‌తో తీయడం వరసగా జరుగుతాయి. ఒక చక్రానికి మూడు నాలుగు గంటలు పడుతుంది. విడిగా క్లారిఫయర్లు (బురద తేరే ట్యాంకులు) అక్కర్లేదు గనుక స్థలం ఆదా అవుతుంది. గాలి ఆపిన సమయంలో నైట్రేటు తొలగుతుంది. స్థలం ఖరీదైన నగరానికి ఇది తగిన పద్ధతే.

ఇక అసలు విషయానికి వస్తాను. 100 ఎంఎల్‌డీ ఎస్‌బీఆర్ ప్లాంటు ఒకటి ఉందనుకుందాం. వచ్చే నీటి బీఓడీ 200, బయటికి పోయేది 10. అంటే రోజుకు 19 టన్నుల బీఓడీ తొలగుతుంది. మన మురుగులో మట్టి పాలు ఎక్కువ కాబట్టి కిలో బీఓడీకి 0.9 కిలోల బురద అని వేసుకుంటే, రోజుకు దాదాపు 17 టన్నుల పొడి ఘనపదార్థం పుడుతుంది. ట్యాంకు నుంచి తీసినప్పుడు అందులో ఘనపదార్థం ఒక శాతమే కాబట్టి దాని పరిమాణం 1,700 ఘనపు మీటర్లు. చిక్కబరిచి అయిదు శాతానికి తెస్తే 340 ఘనపు మీటర్లు అవుతుంది. సెంట్రిఫ్యూజ్‌లో (వేగంగా తిప్పి నీటిని వేరుచేసే యంత్రం) పిండి ఇరవై శాతానికి తెస్తే 85 టన్నుల కేక్ అవుతుంది. అది రోజుకు పది టన్నుల లారీలు ఎనిమిదో తొమ్మిదో. ఆదివారం లేదు, పండుగ లేదు, వానాకాలం లేదు. రోజూ అన్ని లారీలు వెళ్లాలి.

వెళ్లకపోతే ఏమవుతుందో కూడా లెక్క వేద్దాం. అలాంటి ప్లాంటులో ట్యాంకుల మొత్తం పరిమాణం దాదాపు 60,000 ఘనపు మీటర్లు, లీటరుకు 4 గ్రాముల ఎంఎల్ఎస్ఎస్ (ట్యాంకు నీటిలో కలిసి ఉన్న బురద ఘనపదార్థం) చొప్పున అందులో 240 టన్నుల బురద ఉంటుంది. వానలకు డంపింగ్ స్థలానికి దారి తెగిపోయి వారం రోజులు కేక్ కదలలేదనుకోండి. 119 టన్నులు అదనంగా చేరి, ట్యాంకుల్లోని బురద ఒకటిన్నర రెట్లు అవుతుంది. ప్రయోగశాలలో లీటరు సిలిండర్ పరీక్ష చేసి చూస్తే ఈ మార్పు కంటికే తెలుస్తుంది. ఆరోగ్యంగా ఉన్న బురద ముదురు గోధుమ రంగులో, తడిసిన నేల వాసనతో ఉంటుంది. సిలిండర్‌లో పోయగానే రేకులు రేకులుగా కట్టి, స్పష్టమైన గీత గీసినట్టు కిందికి దిగుతుంది. అరగంటకు 350, 400 మి.లీ. దగ్గర ఆగి, పైన తేరిన నీరు మిగులుతుంది. బురద పేరుకుపోయిన ప్లాంటులో అదే సిలిండర్‌లో అరగంట తర్వాత కూడా గీత 700 దగ్గరే వేలాడుతుంది. అప్పుడు డికాంటర్ దిగేసరికి బురద పైపొర దాని అంచుకే తగులుతుంది, నీటితోపాటు బురద కూడా నదిలోకి పోతుంది. ఆన్‌లైన్ మీటర్‌లో టీఎస్ఎస్ పెరిగితే ఎస్‌బీఆర్ పద్ధతిని నిందిస్తారు. తప్పు మాత్రం కేక్ కదలకపోవడంలో ఉంటుంది.

అందుకే బురద లైనులో ప్రతి యంత్రానికీ స్టాండ్‌బై తప్పనిసరి. మూడు సెంట్రిఫ్యూజ్‌లు కావాల్సిన చోట మూడే కొని ‘అవసరమైతే గంటలు పెంచుదాం’ అనడం టెండర్లలో తరచూ కనిపిస్తుంది. బేరింగ్ పోయి ఒక యంత్రం మరమ్మతుకు వెళితే తిరిగి రావడానికి వారాలు పడుతుంది. ప్లాంటు దగ్గరే కనీసం పది పదిహేను రోజుల కేక్ నిల్వచేసే పైకప్పున్న షెడ్డు కూడా ఉండాలి. బురదను ఆరబెట్టే ఇసుక మడులు వేసవిలో బాగానే పనిచేస్తాయి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా వాటిని లెక్కలోకి తీసుకోవద్దు.

సెంట్రిఫ్యూజ్ సరిగా పనిచేస్తోందో లేదో తెలుసుకోవడానికి కేక్ కంటే దానినుంచి వెనక్కి వచ్చే నీటిని చూడండి. ఆ నీరు లేత ఎండుగడ్డి రంగులో ఉంటే ఘనపదార్థం దాదాపు అంతా కేక్‌లోకి వెళ్తోందని అర్థం. నల్లగా, నురగతో వస్తుంటే పాలీమర్ (బురద రేణువులను గుంపు కట్టించే రసాయనం) తక్కువ పడుతోందనో, యంత్రానికి దాని శక్తిని మించి బురద ఇస్తున్నారనో అర్థం. టన్ను పొడి ఘనపదార్థానికి అయిదు నుంచి ఎనిమిది కిలోల పాలీమర్ అవసరమవుతుంది. నిర్వహణ కాంట్రాక్టు ధర బిగుతుగా ఉంటే ముందు కోత పడేది దీనికే. అప్పుడు పిండినట్టు రిజిస్టర్‌లో రాసిన బురద సెంట్రిఫ్యూజ్ నుంచి ఇన్‌లెట్‌కు, ఇన్‌లెట్ నుంచి ట్యాంకుకు తిరుగుతూనే ఉంటుంది. తనిఖీకి వెళ్లినప్పుడు ఆ పైపు దగ్గర గాజు గ్లాసుతో పట్టి చూడమని ప్రతి ఇంజనీరుకూ చెబుతాను.

బురదను జీర్ణం చేయాలా వద్దా, అంటే డైజెస్టర్ అనే గాలి చొరని ట్యాంకులో ఉంచి గ్యాస్ తీయాలా వద్దా అనేది తర్వాతి నిర్ణయం. నిజానికి ఇది నీటి లైను గీయకముందే తీసుకోవాల్సిన నిర్ణయం, ఎందుకంటే ప్రైమరీ క్లారిఫయర్ (ఏరేషన్‌కు ముందే మురుగును తేరనిచ్చే ట్యాంకు) పెట్టాలా వద్దా అనేది దీని మీదే ఆధారపడుతుంది. ఎస్‌బీఆర్ ప్లాంట్లలో సాధారణంగా ప్రైమరీ ఉండదు. ఎక్కువ రోజులు ఏరేషన్‌లో గడిపిన బురదలో గ్యాస్ ఇచ్చే పదార్థం అప్పటికే చాలావరకు కాలిపోయి ఉంటుంది. దాన్ని డైజెస్టర్‌లో పెడితే పెట్టుబడి తిరిగిరాదు. ప్రైమరీ పెడితే తాజా బురద ముందే విడిపోతుంది. ఏరేషన్ భారం తగ్గుతుంది, డైజెస్టర్‌కు మంచి మేత దొరుకుతుంది. 35 డిగ్రీల వద్ద ఇరవై, ఇరవై అయిదు రోజులు ఉంచితే ఆవిరయ్యే ఘనపదార్థంలో (బురదలోని సేంద్రియ భాగం) నలభై, యాభై శాతం గ్యాస్‌గా మారుతుంది. 100 ఎంఎల్‌డీ ప్లాంటులో రోజుకు 16 టన్నుల ఆవిరయ్యే ఘనపదార్థం డైజెస్టర్‌కు చేరితే, దాదాపు 6,500 ఘనపు మీటర్ల గ్యాస్, దానినుంచి సుమారు 13,000 యూనిట్ల కరెంటు వస్తాయని అంచనా. ప్లాంటు వాడకంలో ఇది సగం, అంతకంటే ఎక్కువ కూడా కావచ్చు. సూరత్, చెన్నై నగరాలు 2000 దశకం నుంచీ ఇలా విద్యుత్తు చేస్తున్నాయి. అయితే ప్రైమరీలో కర్బనం మరీ ఎక్కువ తీసేస్తే పైన చెప్పిన నత్రజని సమస్యే తిరిగి వస్తుంది. బీఓడీకీ కెల్డాల్ నత్రజనికీ (అమ్మోనియా, సేంద్రియ నత్రజని కలిపి) మధ్య నిష్పత్తి నాలుగు కంటే తగ్గకుండా చూసుకోవాలి. నా అభిప్రాయంలో 50 ఎంఎల్‌డీ లోపు ప్లాంట్లకు విడిగా డైజెస్టర్ వద్దు. నాలుగైదు చిన్న ప్లాంట్ల చిక్కని బురదను పెద్ద ప్లాంటుకు తరలించి అక్కడ ఒకే డైజెస్టర్ సముదాయం నడపడం మేలు.

డైజెస్టర్‌కు ప్రధాన శత్రువు ఇసుక. మన మురుగు లైన్లలోకి వాన నీరు, నాలాల నీరు మళ్లించడం వల్ల రోడ్ల మీది మట్టి అంతా ప్లాంటుకు చేరుతుంది. ఇన్‌లెట్ దగ్గర 6 మి.మీ. స్క్రీన్లు, మంచి గ్రిట్ చాంబర్ (ఇసుకను వేరుచేసే తొట్టి) లేకపోతే షాంపూ ప్యాకెట్లు, వెంట్రుకలు, గుడ్డపీలికలు, ఇసుక కలిసి కొన్నేళ్లలోనే డైజెస్టర్ అడుగును పూడ్చేస్తాయి. దాన్ని ఖాళీ చేయడం నెలల పని, ప్రాణాపాయం కూడా. పాకీ పనిని నిషేధించిన 2013 చట్టం మురుగు లైన్లు, సెప్టిక్ ట్యాంకుల ప్రమాదకరమైన శుభ్రత పనులకు మనుషులను దింపడాన్ని కూడా నిషేధించింది. కాబట్టి మనిషి దిగకుండానే శుభ్రం చేయగల ఏర్పాటు డిజైన్‌లోనే ఉండాలి. ఆధునికీకరణకు డబ్బు తక్కువుంటే మొదటి రూపాయి ఇన్‌లెట్ పనుల మీదే పెట్టండి.

జీర్ణమైన బురదను పిండగా వచ్చే నీటిలో అమ్మోనియా లీటరుకు 500 నుంచి 1,000 మి.గ్రా. దాకా ఉంటుంది. పరిమాణంలో అది మొత్తం ప్రవాహంలో ఒక శాతమే అయినా నత్రజని భారంలో పదిహేను, ఇరవై శాతాన్ని మోస్తుంది. సెంట్రిఫ్యూజ్ పగటి షిఫ్టులో మాత్రమే నడిపే చోట ఈ భారమంతా ఎనిమిది గంటల్లోనే ట్యాంకుల మీద పడుతుంది, అది కూడా మురుగు ఎక్కువ వచ్చే వేళలోనే. కిలో అమ్మోనియా నత్రజనికి 4.57 కిలోల ప్రాణవాయువు కావాలి కాబట్టి బ్లోయర్లు చాలక సాయంత్రం నమూనాలు విఫలమవుతాయి. ఆ నీటిని ఒక ట్యాంకులో నిలిపి రాత్రి నెమ్మదిగా వదలడం చాలా తేలికైన పరిష్కారం. పెద్ద ప్లాంటు అయితే, సూక్ష్మజీవులతో తక్కువ ప్రాణవాయువు ఖర్చుతో అమ్మోనియాను నత్రజని వాయువుగా మార్చే అనమ్మాక్స్ పద్ధతి ఉంది. రాటర్‌డ్యామ్‌లోని డోఖావెన్ ప్లాంటులో ఇది 2002 నుంచే నడుస్తోంది. భాస్వరం ఎక్కువున్న చోట మెగ్నీషియం, అమ్మోనియా, ఫాస్ఫేట్ కలిసి స్ట్రువైట్ అనే ఖనిజంగా పైపుల మలుపుల్లో రాయిలా గట్టిపడతాయి. అక్కడ విప్పడానికి వీలున్న పైపులే వేయించండి.

ఇక కేక్ చివరికి ఎక్కడికి వెళ్లాలి? నేను అడిగే మొదటి ప్రశ్న, ఆ మురుగులోకి పరిశ్రమల నీరు కలుస్తోందా అని. పటాన్‌చెరు ప్రాంతపు ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి వచ్చే నీటిని దాదాపు 18 కిలోమీటర్ల పైపు ద్వారా నగర మురుగు లైనులో కలిపి అంబర్‌పేటకు పంపే ఏర్పాటు చేశారు. ఆ శుద్ధి కేంద్రం వదిలిన నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మి.గ్రా. వరకు ఉన్నట్టు 2007లో ప్రచురితమైన పరిశోధన చెప్పింది. అది చిన్న మోతాదు కాదు. ఆ జాతి మందులు నీటిలో ఉండిపోకుండా బురదకు గట్టిగా అతుక్కుంటాయి. లోహాలు కూడా అంతే. క్రోమియం, నికెల్, జింక్ నీటి నుంచి తొలగాయంటే బురదలోకి చేరాయనే అర్థం. అలాంటి బురదను ఎరువని రైతుకు ఇవ్వడాన్ని నేను ఒప్పుకోను. మూసీ దిగువన పీర్జాదిగూడ, పర్వతాపూర్ వైపు ఆ నీటితోనే పశువుల గడ్డి పండిస్తున్నారు, ఆ పాలు నగరానికే వస్తాయి. అక్కడి నేల మీద ఇప్పటికే ఉన్న భారానికి మనం ఇంకొంత చేర్చకూడదు.

ఇళ్ల మురుగు మాత్రమే వచ్చే ప్లాంట్ల బురద వేరే సంగతి. లోహాల పరీక్షలు వరసగా ఏడాది పాటు బాగుంటే, రోగక్రిములను చంపిన తర్వాత పొలానికి ఇవ్వవచ్చు. ఏలికపాముల గుడ్లు ఎండిన బురదలో కూడా నెలల తరబడి బతుకుతాయి కాబట్టి ‘ఎండింది’ అన్న మాట చాలదు. అమెరికా 1993లో తెచ్చిన నిబంధనలు గ్రాము పొడి బురదకు 1,000 ఫీకల్ కోలిఫాం లోపు ఉన్నదాన్నే మేలు తరగతిగా పరిగణిస్తాయి. వాషింగ్టన్‌లోని బ్లూ ప్లెయిన్స్ ప్లాంటు 2015 నుంచి బురదను 160 డిగ్రీలకు పైగా ఒత్తిడితో ఉడికించి, ఆ తర్వాతే డైజెస్టర్‌కు పంపుతోంది. అందువల్ల గ్యాస్ పెరుగుతుంది, కేక్ తగ్గుతుంది, క్రిములు చస్తాయి. అంత యంత్రాంగం మన మధ్యతరహా నగరాలకు ఇప్పుడే అక్కర్లేదు. పారదర్శక షీట్ల కింద ఎండలో ఆరబెట్టే షెడ్లు మన వాతావరణానికి చక్కగా సరిపోతాయి, ముఖ్యంగా నవంబరు నుంచి మే దాకా. పొలానికి పనికిరాని బురదను తొంభై శాతం దాకా ఆరబెట్టి సిమెంటు బట్టీలకు ఇవ్వడం నాకు నచ్చిన మార్గం. హైదరాబాద్‌కు తాండూరు, మేళ్లచెరువు వైపు ఆ పరిశ్రమ అందుబాటు దూరంలోనే ఉంది. తడి కేక్‌ను ఏ బట్టీ తీసుకోదు కాబట్టి ఆరబెట్టే ఏర్పాటు ముందు పూర్తి కావాలి.

పనుల వరస గురించి కూడా చెప్పాలి. మురుగు ఒక్కరోజు కూడా ఆగదు గనుక పాత ప్లాంటు నడుస్తుండగానే అంతా జరగాలి. నేనైతే మొదట ఇన్‌లెట్ పనులు, తర్వాత బురద లైను పూర్తిగా, ఆ తర్వాతే నీటి లైనును ఒక్కో స్ట్రీమ్ చొప్పున చేపడతాను. కొత్త ఎస్‌బీఆర్ మొదలుపెట్టిన నెలల్లో బురద తీరు స్థిరంగా ఉండదు. అప్పటికే సెంట్రిఫ్యూజ్‌లు నడుస్తుంటే ఆపరేటర్ చేతిలో పట్టు ఉంటుంది. సెప్టిక్ ట్యాంకర్లు కూడా మీ ప్లాంటుకే వస్తుంటే వాటికి ఇన్‌లెట్ మ్యాన్‌హోల్ చూపించకుండా, బురద లైను దగ్గర విడిగా దింపుడు స్థలం కట్టండి.

కాంట్రాక్టులో మార్చాల్సినది ఒకటుంది. గంగా ప్రక్షాళనలో హరిద్వార్, వారణాసి ప్లాంట్లకు వాడిన హైబ్రిడ్ యాన్యుటీ విధానంలో నిర్మాణ వ్యయంలో 40 శాతం కట్టేటప్పుడు, 60 శాతం పదిహేనేళ్లపాటు పనితీరును బట్టి చెల్లిస్తారు. ఆ ఆలోచన మంచిది. దానికి తోడు బురదకు చెల్లించే రుసుమును తడి టన్నుల మీద కాకుండా పొడి ఘనపదార్థం మీద లెక్కించేలా రాయించండి. తడి టన్నుకు డబ్బిస్తే నీళ్లు మోసినందుకు ఇచ్చినట్టే, సరిగా పిండాలన్న ఆసక్తి ఎవరికీ ఉండదు. తూకం చీటీ, తేమ పరీక్ష, చేరిన చోటి రసీదు మూడూ కలిసినప్పుడే బిల్లు పాస్ కావాలి. పుట్టాల్సిన పొడి బురదకూ, రసీదుల్లో తేలిన పొడి బురదకూ మధ్య ప్రతి నెలా పోలిక వేయండి. రోజుకు పుట్టాల్సిన 17 టన్నుల్లో 9 మాత్రమే కనిపిస్తే, మిగతా 8 టన్నులు ట్యాంకుల్లోనైనా ఉండాలి, నదిలోకైనా వెళ్లి ఉండాలి.

మీ ప్లాంటుకు సంబంధించి అయిదు వివరాలు ఇక్కడ రాయండి: ఏడాదిలో నెలవారీగా వచ్చే నీటి బీఓడీ, కెల్డాల్ నత్రజని, వానాకాలంలో గరిష్ఠ ప్రవాహం, పరిశ్రమల నీరు కలిసే చోట్లు, యాభై కిలోమీటర్ల లోపు కేక్ తీసుకోగల సిమెంటు బట్టీ గానీ, మరో పరిశ్రమ గానీ ఉందా అన్నది. అవి తెలిస్తే ప్రైమరీ పెట్టాలా వద్దా, డైజెస్టర్ గిట్టుబాటు అవుతుందా అన్నవి మీ అంకెలతోనే లెక్క వేసి చూపిస్తాను.